తల్లి జాడీ

డబ్బా మూత ఊడి వచ్చింది. దాంతో పాటే వదిన గొంతు కూడా పడిపోయింది.

నిన్న సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆమె నోటికి విశ్రాంతి లేదు. పెట్టెలు గుమ్మంలో ఉండగానే తమ్ముణ్ణి నిలదీసింది. తల్లి పోతే కూతురు వచ్చేదాకా ఆగలేకపోయారా అంది. తుఫానుకు దారులన్నీ మూసుకుపోయి తనే రాలేకపోయిందని ఆమెకూ తెలుసు. తెలిసిన సంగతి మీద అరిచినంత గట్టిగా మనిషి తెలియని సంగతి మీద అరవదు. తల్లి బూడిదంతా సముద్రంలో కలిపేసి, కూతురి వాటాగా గుప్పెడు మాత్రం చిన్న ఇత్తడి డబ్బాలో దాచారు. ఇన్నాళ్ళకు ఆమె వచ్చింది ఆ డబ్బా కోసమే.

"ఇదేమిట్రా?" అంది చివరికి, తమ్ముడి వంక చూడకుండానే.

డబ్బా నిండుగానే ఉంది. లోపలి పొడి మాత్రం తెల్లగా, పిండిలా మెత్తగా ఉంది.

ఆ తమ్ముడు, అంటే టీచరు భర్త, కుర్చీలోంచి లేచి వచ్చి తొంగి చూశాడు. తన చేత్తో పోసింది ఇది కాదన్నాడు. అది బూడిదరంగులో ఉందనీ, అక్కడక్కడా పలుకులు తగిలాయనీ అన్నాడు. అనేసి, తన పని అయిపోయినట్టు వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఇంట్లో గొడవ మొదలైనప్పుడల్లా ఆయనకు ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనబడుతుంది. ఇప్పుడూ దాన్నే చూస్తున్నాడు.

టీచరు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. రెండోసారి నలపాల్సిన అవసరం లేకపోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ గోళ్ళ సందుల్లో, తలవెంట్రుకల్లో ఇంటికి మోసుకొస్తున్న పొడి అది. సుద్దపొడి. బడిలో డస్టరు దులిపితే రాలేది.

ఆమె వేళ్ళు కొంగుకు తుడుచుకోబోయి ఆగింది.

వదిన ఆమె వేళ్ళనే చూస్తోంది. "నీకు తెలుసు," అంది.

"తెలియదు వదినా."

"తెలుసు. నీ మొహమే చెబుతోంది." వదిన గొంతు పెంచలేదు. నిన్నటి అరుపుల కన్నా ఈ నెమ్మదే టీచరును ఎక్కువ భయపెట్టింది. "అమ్మ ఉద్యోగం నీకొచ్చింది. అమ్మ జాడీ బడికి పట్టుకుపోయావు. పోనీలే అనుకున్నాను. గుప్పెడు బూడిద కూడా నాకు దక్కకూడదా?"

"అక్కా, అలా అనకు," అన్నాడు ఆయన.

"నువ్వు ఫ్యాను చూసుకో," అంది అక్క.

జాడీ మాట వినగానే టీచరు వేళ్ళకంటిన పొడిని మళ్ళీ చూసుకుంది. దానికి కారణం ఉంది.

అత్తా కోడళ్ళిద్దరూ ఒకే హైస్కూల్లో ఒకరి తరువాత ఒకరు జీవశాస్త్రం చెప్పారు. పిల్లలకు అత్తగారు పెద్ద టీచరు, కోడలు చిన్న టీచరు. పెద్ద టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుంటలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి, గాజు జాడీలో పోసి, ఉడికించిన గోధుమ గింజలు వేసి పారమీసియాలను పెంచడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ ఒక్క కణమే. జాడీని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే తెల్లటి నలుసులు ఈదుతున్నట్టు కనబడతాయి, అంతే. ఆ నలుసులను ఆవిడ ఉద్యోగం పొడుగునా చావనివ్వకుండా కాపాడింది. పదవీ విరమణ రోజున అందరూ పూలగుత్తులతో ఇంటికి పోతారు. ఈవిడ జాడీతో పోయింది. ఆ తరువాత పాఠానికి పారమీసియాలు కావలసినప్పుడల్లా కోడలు సొంత ఇంట్లో అత్తగారి గది తలుపు తట్టి, డ్రాపరుడు నీళ్ళు అడిగి తీసుకోవలసి వచ్చేది. ఇద్దరికీ పడదని అందరూ అనుకునేవారు. అందులో అబద్ధం పెద్దగా లేదు.

ఆవిడ పోయాక కోడలు ఆ జాడీని మళ్ళీ ప్రయోగశాలకు చేర్చింది. పిల్లలు దానికి తల్లి జాడీ అని పేరు పెట్టుకున్నారు. దాన్ని చూసుకునే పని తొమ్మిదో తరగతి చదివే తన కూతురికే అప్పగించింది.

కూతురి అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. పిచ్చుక అని నానమ్మ పిలిచిన పేరే నిలిచిపోయింది. నానమ్మ పోయిన వారం పిచ్చుక మంచినీళ్ళు కూడా ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. తరువాత ఒకరోజు లేచి స్నానం చేసి, కడుపునిండా తిని, నవ్వుతూ బడికి వెళ్ళింది. అప్పటి నుంచీ నవ్వుతూనే ఉంది. తల్లి కుదుటపడింది. పిల్లలు త్వరగా మరిచిపోతారనుకుంది.

"నిన్న రాత్రి దాన్ని అడిగాను," అంది వదిన, డబ్బా మూత పెడుతూ. ఆమెకూ ఏదో తడుతున్నట్టుంది. "నానమ్మ గుర్తొస్తోందా తల్లీ అని. ఎక్కడికీ వెళ్ళని మనిషి ఎందుకు గుర్తొస్తుంది అత్తా, అంది. చిన్నపిల్ల, ముద్దుగా చెప్పిందనుకున్నాను."

టీచరు ఇక అక్కడ నిలబడలేదు. కూతురి గదిలోకి వెళ్ళింది. పిచ్చుక తెల్లవారగానే బడికి పోయింది, జాడీకి గింజలు వేయాలని చెప్పి. పక్క సర్ది ఉంది. పుస్తకాలు వరసగా ఉన్నాయి. మంచం కింద, చుట్టిన తువ్వాలులో, ప్రయోగశాలలో కనబడకుండా పోయిన చిన్న పింగాణీ కల్వం ఉంది. రంగులు నూరుకునే కల్వం. అది పోయిందని ఆమె అటెండరును పట్టుకుని తగని మాటలు కూడా అంది. దాని అడుగున సన్నటి గీతల్లో బూడిదరంగు ఇరుక్కుని ఉంది. కడిగినా వదలలేదు.

అప్పుడు టీచరుకు తన రెండు పాఠాలు గుర్తొచ్చాయి.

మొదటిది అత్తగారు పోయాక చెప్పిన మొదటి పాఠం. తల్లి జాడీని బల్ల మీద పెట్టి, పెద్ద టీచరు ప్రతి ఏడూ చెప్పే మాటే చెప్పింది. ఈ జీవి పెరిగి, నడుముకు నొక్కు పడి రెండుగా విడిపోతుంది, రెండూ బతుకుతాయి, మరి మొదటిది ఏమైనట్టు, శవం ఏదీ అని అడిగింది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. తరువాతి వారం తిండి పాఠం. ఈస్టుకు ఎర్ర రంగు పట్టించి నీటిచుక్కలో వేసి, పారమీసియాలు దాన్ని మింగి ఒంటినిండా ఎర్ర చుక్కలతో తిరగడం మైక్రోస్కోపులో చూపించింది. తిన్నది దాని ఒళ్ళవుతుంది అంది.

రెండు పాఠాలకూ నడుమ పిల్లల బుర్రలో ఏది దేనితో ముడిపడుతుందో ఏ టీచరుకూ తెలియదు. చావులేనిది ఒకటుంది. అది ఏది మింగితే అది తనలో కలుపుకుంటుంది. గుప్పెడు నానమ్మ ఇత్తడి డబ్బాలో ఉంది. మింగడానికి వీలుగా మెత్తగా నూరాలి, అంతే.

"అదేమిటి?" అంది వదిన వెనక నుంచి.

టీచరు దాచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చెబుతున్నంతసేపూ వదిన గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. చివర్లో కల్వం చేతిలోకి తీసుకుని, అడుగున వేలితో తడిమి, ఆ వేలిని గుప్పిట్లో మూసుకుంది.

"మా అమ్మను పురుగులకు పెట్టిందా?"

"అవి పురుగులు కావు వదినా. ఏకకణ..." అని ఆగిపోయింది టీచరు. అలవాటైన నోరు.

వదిన కల్వాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టి మంచం మీద పెట్టింది. తరువాత, ఆ జాడీ తెప్పించి గుడ్డలో వడగట్టి తన బూడిద తనకిచ్చేయమంది. రేపు తను వెళ్ళిపోవాలని, వట్టి చేతులతో మాత్రం పోనని చెప్పింది. టీచరు సరేనంది. సరేనన్నది గానీ ఆమె ప్రాణం బూడిద దగ్గర లేదు, పిల్ల దగ్గర ఉంది. నానమ్మ ఆ నీళ్ళలో బతికి ఉందని నమ్మి నవ్వుతున్న పిల్ల ముందు ఆ నీళ్ళు వడగడితే ఏమవుతుంది? వడగట్టకుండా వదిలేస్తే ఆ నవ్వు ఎక్కడిదాకా పోతుంది?

ఇద్దరూ బడికి నడిచారు. వదిన ఆ ఇత్తడి డబ్బాను చంకలో పెట్టుకునే వచ్చింది, లోపల సుద్దపొడి ఉందని తెలిసి కూడా.

ప్రయోగశాల తలుపు దగ్గరికి వచ్చేసరికి టీచరు ఆగింది. లోపల తరగతి నిండా పిల్లలున్నారు. మామూలుగా ఆమె అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆ గది సంతను తలపిస్తుంది. ఈవేళ చీమ చిటుక్కుమనడం లేదు.

పిల్లలంతా మైక్రోస్కోపుల మీదికి వంగి ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క చిన్న సీసా ఉంది. తల్లి జాడీలోంచి డ్రాపరుతో తీసుకుని ఇంట్లో పెంచుకొమ్మని టీచరు ఇచ్చినవే. అవి ఎలా ఉన్నాయో చూడాలి, తెచ్చుకోండని చెప్పింది కూడా ఆమే. కొన్ని సీసాలకు మెత్తటి గుడ్డ చుట్టారు. ఒక సీసా మీద దుమ్ము పడకుండా కుట్టిన చిన్న మూత ఉంది.

కిటికీ పక్కన తల్లి జాడీ, దాని పక్కన పిచ్చుక ఉన్నారు. తల్లినీ, మేనత్తనూ, మేనత్త చంకలోని డబ్బానూ ఆ పిల్ల వరసగా చూసింది. తత్తరపడలేదు. వేలు పెదవుల మీద పెట్టుకుని, బల్లలు కదిలించవద్దని సైగ చేసింది.

టీచరు తన బల్ల దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకుంది. ఇళ్ళలో పెంచుతున్న సీసాలన్నీ ఈవేళ ఇక్కడే వదిలి వెళ్ళాలని చెప్పింది. ప్రయోగం అయిపోయిందంది.

ఎవరూ కదలలేదు. చివరి బల్ల నుంచి తరగతిలోకెల్లా పొడుగమ్మాయి లేచి నిలబడింది.

"ఎందుకు టీచర్? పెద్ద టీచరు గారు మా ఇంట్లో బాగానే ఉన్నారు."

చాలా మర్యాదగా చెప్పింది. పొరుగింట్లో ఉన్న ముసలావిడ యోగక్షేమాలు చెప్పినట్టే ఉంది ఆ గొంతు.

"మా ఇంట్లో కూడా," అన్నాడు ఆమె ముందున్న అబ్బాయి. "మా అమ్మ రాత్రి దీపం ఆర్పేముందు ఆవిడకు చెప్పి ఆర్పుతుంది."

ఆ తరువాత ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఒకరింట్లో తాత ఉదయాన్నే సీసా ముందు కూర్చుని పేపరు పైకి చదువుతున్నాడట. ఆయన కూడా పెద్ద టీచరు దగ్గర చదువుకున్నవాడే. ఒకరింట్లో చంటిపిల్ల ఆ సీసా వైపు చేతులు చాస్తోందట. ఇంకొకరింట్లో అమ్మా నాన్నా సీసా ఉన్న గదిలో పోట్లాడుకోవడం మానేశారట. ఎవరి మొహంలోనూ ఆటపట్టింపు లేదు. తన తరగతి తన చేతుల్లోంచి జారిపోయి ఎన్నాళ్ళయిందో టీచరు గమనించనేలేదు.

వదిన మండిపడుతుందని ఆమె ఎదురుచూసింది. ఒక విధంగా అదే కోరుకుంది. కానీ వదిన కిటికీ వైపు నడిచింది.

"చూస్తావా అత్తా?" అంది పిచ్చుక. జాడీలోంచి ఒక్క చుక్క తీసి స్లైడు మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, మర తిప్పి, పక్కకు జరిగింది. పనిలో దాని చెయ్యి అచ్చం నానమ్మ చెయ్యే. చిటికెనవేలు పైకెత్తి పట్టుకోవడం కూడా.

వదిన వంగి చూసింది. మొదట ఏమీ కనబడలేదంది. తరువాత కనబడిందంది. చెప్పుల ఆకారంలో ఉన్నాయనీ, వాటి ఒంట్లో నల్లటి చుక్కలున్నాయనీ అంది. అవేమిటని మాత్రం అడగలేదు. పిచ్చుకా చెప్పలేదు.

ఆమె చాలాసేపు అలాగే వంగి ఉంది. డబ్బా చంకలోంచి జారి బల్ల మీద పడింది. దాన్ని తీసుకోలేదు.

"ఆలస్యమైందమ్మా," అంది మైక్రోస్కోపులోకి. "దారులన్నీ మూసేశారు. వద్దామనే అనుకున్నాను."

గదిలో ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు తల ఊపారు.

టీచరుకు ఏడుపు ముంచుకొచ్చింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ ఆడపడుచు ఎవరినీ క్షమాపణ అడగడం చూసి ఎరగదు. ఇప్పుడు నోరు విప్పితే ఆమెను రెండోసారి తల్లి లేనిదాన్ని చేసినట్టవుతుంది. విప్పకపోతే కూతురు ఆ జాడీ పక్కనే ఉండిపోతుంది, ఇవాళ కాదు, ఎప్పటికీ. తరగతి మొత్తం కూడా.

చెప్పవలసింది చిన్న సంగతే. తిండి పాఠంలో రెండో సగం. ఆ రోజు గంట కొట్టేశారని మిగిల్చి, మళ్ళీ ఎత్తుకోని సగం. దాన్ని ఆ రోజే చెప్పి ఉంటే ఇప్పుడు ఇక్కడ ఇలా నిలబడే అవసరమే ఉండేది కాదు.

"పిచ్చుకా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "పారమీసియం నోటికి అందిన ప్రతి నలుసునూ మింగుతుంది. అది తిండో కాదో దానికి తెలియదు. అరిగేదైతే ఒంట్లో కలుపుకుంటుంది. అరగనిది ఊసేస్తుంది."

పిచ్చుక వింటోంది. వదిన తల ఎత్తలేదు.

"బూడిద అరగదమ్మా. ఈస్టు వేరు, బూడిద వేరు. కాసేపు లోపల తిప్పుకుని బయటికి తోసేస్తుంది. నానమ్మ వాటిలో కలవలేదు. నువ్వు వేసిందంతా ఆ జాడీ అడుగునే, మడ్డిలా పడి ఉంటుంది. కావాలంటే చూడు. అత్తకు ఇచ్చేద్దాం."

ఇక చెప్పవలసినది ఏమీ మిగల్లేదు. ఆ గది ఆమె వైపు చూస్తున్న తీరు ఆమె జన్మలో మరిచిపోలేదు. తమ ఇంట్లో నుంచి ఎవరినో బయటికి గెంటిన మనిషిని చూసినట్టు చూశారు పిల్లలు.

వదిన నెమ్మదిగా నిటారుగా నిలబడింది. మొహం తడిసి ఉంది. తల్లి జాడీని రెండు చేతులతో కిటికీ వెలుగులోకి ఎత్తింది. మైక్రోస్కోపులో చూసినప్పటి కన్నా శ్రద్ధగా, కింది నుంచి, పక్క నుంచి, మళ్ళీ కింది నుంచి చూసింది. తరువాత టీచరుకు అందించింది.

ఉబ్బిన గోధుమ గింజలు ఉన్నాయి. వాటి చుట్టూ పల్చటి తెల్లని పొర ఉంది. ఆ గింజల సందుల్లో, జాడీ గుండ్రటి అంచు పొడుగునా, అడుగు గాజు కడిగినంత శుభ్రంగా ఉంది. అవతల ఉన్న బల్ల చెక్క మీది గీతలు కూడా కనబడుతున్నాయి. టీచరు జాడీని వంచి చూసింది. తిప్పి చూసింది. ఆమెకు తెలిసిన శాస్త్రం ప్రకారం అక్కడ ఉండి తీరవలసిన గుప్పెడు బూడిద అక్కడ లేదు.

"నీళ్ళు మార్చావా?" అని అడిగింది. "అడుగు కడిగావా పిచ్చుకా? నిజం చెప్పు."

పిచ్చుక కాదన్నట్టు తల ఊపింది. ఇన్నాళ్ళుగా దాని మొహం మీద ఉన్న నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. దాని కింద ఉన్నది వట్టి భయం.

"నువ్వు చెప్పిన రెండో సగం పుస్తకంలో ఉందమ్మా. వేసిన మర్నాడే చదివాను. తప్పు చేశానని తెలిసింది. తీసి డబ్బాలో పెట్టేద్దామని ఆ రోజే వెతికాను. ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి వెతుకుతున్నాను." అది తల్లి చెయ్యి పట్టుకుంది. "దొరకలేదనే సుద్దపొడి పోశాను."